సంచి మీది పేరు, సంచిలోని సరకు

ఏ గ్రామములోనైనను కిరాణా కొట్టు ముందు అర్ధగంట కాలము నిలిచిన చాలును, ఈ వ్యాసములో మేము చెప్పదలచినదానిలో సగము అచటనే కనబడును. శ్రీకాకుళము జిల్లాలోని ఒక గ్రామమున మేమట్లు నిలిచియుండగా ఒక గృహిణి వచ్చి, "తమ్ముడా, సర్ఫు పేకట్టొకటియ్యి" అని అడిగినది. "ఏ కంపెనీది కావాలప్పా?" అని కొట్టు యజమాని ప్రశ్నించెను. "ఎప్పుడూ తీసికెళ్తాను గదేటి, ఆ పచ్చ పేకట్టుదే" అని ఆమె బదులు చెప్పినది. ఆమె చేతికి వచ్చినది సర్ఫు కాదు, వేరొక కంపెనీ వారి బట్టల పొడి. ఆమెకు కావలసినదియు అదియే. ఇరువురిలో ఎవరికిని ఎట్టి సందేహమును కలుగలేదు.

సర్ఫు అను పేరును ఒక కంపెనీ వారు 1959లో మన దేశములో అమ్మకమునకు తెచ్చిరి. నేడది బట్టలుదుకు పొడికంతటికిని మన గ్రామములలో వాడుక పేరైనది. అంతకు పూర్వము 1937లో వచ్చిన డాల్డా వనస్పతి కంతటికిని ఇట్లే పేరైనది. పండ్లు తోముకొను ఏ పేస్టునైనను కోల్గేటు అనువారు నేటికిని కలరు. చేతులు లేని బనియనును మనము శాండో బనియను అందుము. శాండో యనునది వస్త్రము పేరు కాదు, యూరపు ఖండమునకు చెందిన యొక బలశాలి పేరు. యూజెన్ శాండో అను ఆ వస్తాదు 1904-05 ప్రాంతమున మన దేశమునకు వచ్చి ప్రదర్శనములిచ్చెను. మన వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడు గారు బలమునందు ఎవరికిని తీసిపోయినవారు కారు గాని, మన నోట బనియనుకు శాండో పేరే నిలిచినది!

కొట్టులో డబ్బిచ్చి మనము కొనునది సరకును మాత్రమే కాదు. దాని పేరును, ఆ పేరుతోపాటు మన మనస్సులో నిలిచిన యొక మనిషి రూపమును కూడ కొనుచున్నాము. ఇది తప్పని చెప్పుటకు మేమీ వ్యాసము వ్రాయుట లేదు. ఆ పేరునకు మన మిచ్చు అదనపు పైకము ఎవరికి చేరుచున్నది, ఆ పేరును సంపాదించి పెట్టినవారికే చేరుచున్నదా అన్నది విచారింపవలసిన విషయము. పంచాయతీ సభ్యులకు ఈ విచారణ ఏల అని అడుగవచ్చును. మీరు కొన్న వస్తువును చూచి గ్రామములో పదిమంది కొందురు. గ్రామ ధనముతో పైపులు, దీపములు, బ్లీచింగు పొడి కొనువారును మీరే.

అచ్చువేసిన ఆంబోతు

వ్యాపారపు గుర్తును ఇంగ్లీషున బ్రాండు అందురు. ఆ మాటకు మొదట కాల్చి వేసిన ముద్ర అని అర్థము. పశువు ఎవరిదో తెలియుటకు చర్మము మీద కాల్చిన ఇనుముతో గుర్తు వేయుట పలు దేశములలో ఉన్న ఆచారమే. మన గ్రామములలోను దేవుని పేరిట వదలిన కోడెకు అచ్చు వేసెడివారు. ఆ అచ్చు వలన రెండు ఫలితములు కలుగును. అది దేవుని సొత్తని అందరకును తెలియును గనుక ఎవరును దానిని కొట్టరు, కట్టివేయరు. ఎవరి చేనిలో పడి మేసినను అడుగువారును ఉండరు. "అచ్చోసిన ఆంబోతు" అను తిట్టు అందుండియే పుట్టినది.

వ్యాపారపు అచ్చు గుణమును ఇట్టిదే. చదువురాని కూలి మనిషి ఎర్ర సబ్బు, పచ్చ పేకట్టు అని రంగు గుర్తు పెట్టుకొని కొనుట అవివేకము కాదు. నిరుడు కొన్నది, మురికి పోయినది, చేతులు మండలేదు. అదే రంగు పేకట్టులో ఈ యేడును అదే సరకు ఉండునని ఆమె నమ్మకము. విడిగా అమ్మిన నూనెలోను, కారములోను కల్తీకి లోనైన కుటుంబమునకు ఈ నమ్మకము విలువ బాగుగ తెలియును. ఆ నమ్మకమును ఏటేట నిలుపుకొన్న కంపెనీకి ఒక రూపాయి ఎక్కువ ఇచ్చుట న్యాయమే.

అయితే పేరు బలపడిన పిమ్మట ఆ పేకట్టును విప్పి చూచువారు తగ్గుదురు. ధర మారదు, బొమ్మ మారదు, లోపలి బరువు మాత్రము తగ్గును. అయిదు రూపాయల బిస్కట్టు పేకట్టు మీద ఎన్ని గ్రాములని వ్రాసియున్నదో ఈ దినము చూడుడు, ఏడాది తరువాత మరల చూడుడు. తగ్గిన బరువును పేకట్టు మీద సరిగా వ్రాసినంత వరకు అది నేరము కాదు. చదువకుండుట మన లోపము.

పేరునకు ప్రాణము పోయుట

పేరు తనంతట తాను పెరుగదు. తెలుగువారికి బాగుగ తెలిసిన ఉదాహరణము అమృతాంజనము. కృష్ణా జిల్లాకు చెందిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో దీనిని ప్రారంభించిరి. ఎవరును ఎరుగని కొత్త మందును ఎవరు కొందురు? పంతులుగారు సంగీత సభలకు వచ్చిన శ్రోతలకు దానిని ఉచితముగా పంచిపెట్టిరి. తలనొప్పి తగ్గినవారు మరల వెదకికొని కొనిరి. ఆ లాభముతో ఆయన 1908లో బొంబాయి నుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించి, 1914లో మద్రాసున దినపత్రికగా నడపిరి. దేశోద్ధారకుడని జనులు పిలుచుకొన్న మనిషి ఆ పసుపుపచ్చని మందు వెనుక ఉండగా, తలనొప్పి మందు కొనుటయు స్వదేశాభిమానముగా తోచుట సహజము. ఇచట పేరును, మనిషియు, సరకును ఒక్కటిగా నిలిచినవి.

గుజరాతులో 1969లో కర్సన్‌భాయి పటేలు గారు బట్టల పొడిని తన యింటనే తయారుచేసి, సైకిలు మీద ఇంటింటికి తిరిగి అమ్మిరి. సర్ఫు ధరలో మూడవ వంతు కంటె తక్కువకే అమ్మి, దానికి తన కుమార్తె నిరుపమ పేరు మీద నిర్మా అని పేరిడిరి. తెల్లని గౌను ధరించిన బాలిక బొమ్మ ఆ పేకట్టు మీద కనబడును. పెద్ద కంపెనీలు పట్టించుకొనని బీద గృహిణికి ఆ బొమ్మ తన యింటి పిల్లవలెనే తోచినది. ధర చౌక కావుట మొదటి కారణము, సందేహము లేదు. కాని చౌక సరకు కొనుచున్నానను చిన్నతనము ఆమెకు కలుగకుండ కాపాడినది ఆ బొమ్మయే అని మా అభిప్రాయము.

సబ్బుల సంగతి మరింత విచిత్రము. లైఫ్‌బాయ్ ఎర్ర సబ్బు 1895 నాటికే మన దేశమునకు వచ్చినది. పొలము పని, కర్మాగారపు పని చేయు బలమైన పురుషుని రూపము దానికి కలిగించిరి. లక్స్ సబ్బునకు సినిమా తారల ముఖములు తొడిగిరి. 1941లో లీలా చిట్నిస్ గారితో మన దేశములో ఆ వరుస ప్రారంభమైనది. ఈ రెండును ఒకే కంపెనీ సబ్బులు. ఒకే ఇంటిలో మామగారు ఎర్ర సబ్బును, కోడలు తార బొమ్మ సబ్బును కొనుచు, తాము భిన్నమైన అభిరుచులు కలవారమని తలచెదరు. డబ్బు మాత్రము ఒకే పెట్టెలో పడును.

పెట్టె మీద తార ముఖము కంటె ముఖ్యమైన అంకె యొకటి కలదు. టి.ఎఫ్.ఎం. అని వ్రాసి దాని ప్రక్కన నూటికింత అని చూపుదురు. సబ్బులో అసలు సబ్బు పదార్థము, అనగా నూనెల నుండి వచ్చిన క్రొవ్వు భాగము, నూటికెంత యున్నదో అది తెలుపును. భారతీయ ప్రమాణము ప్రకారము టాయిలెట్ సబ్బు మొదటి తరగతిదైనచో నూటికి 76, రెండవ తరగతిదైనచో 70, మూడవ తరగతిదైనచో 60 వంతులకు తగ్గరాదు. స్నానపు బార్ అని వ్రాసిన దానిలో ఇంకను తక్కువ యుండవచ్చును. ఇది తెలిసికొని, అయినను తార బొమ్మ సబ్బే కావలెనన్నచో నిక్షేపముగా కొనవచ్చును. సంతోషమునకును ఒక విలువ కలదు గదా.

కొనువాని గుణము

అందరును ఒకే విధముగా కొనరు. మన యిండ్లలో మామ్మగారు నలువది యేండ్లుగా ఒకే టీ పొడి తెప్పించుకొనును. పేకట్టు రంగు మారినచో అది తన టీ కాదని పోరును. పిల్లలు టెలివిజనులోను, సెల్ ఫోనులోను నిన్న చూచినదానిని నేడు అడుగుదురు. కొందరు సంతలో పది చోట్ల బేరమాడి కాని కొనరు. కొందరు బేరమాడుటయే నామోషీ అందురు.

మన జిల్లాలకు ప్రత్యేకమైన కొనుగోలుదారు మరొకడు కలడు. విశాఖపట్టణము, హైదరాబాదు, చెన్నై మొదలగు చోట్లకు వలసపోయి, సంక్రాంతికి ఇంటికి వచ్చు యువకుడు. ఆయన చేతిలోని ఫోను, కాలి జోడు, తల్లికి తెచ్చిన చర్మపు లేపనము, వీటి పేర్లు పండుగ నాలుగు దినములలో వీధియంతయు వ్యాపించును. ఏ కంపెనీ వారి బండియు గ్రామమునకు రానక్కరలేదు. ఆ ఫోనునకు ఆయన రెండు నెలల జీతము పెట్టెనని పెద్దలు విసుగుకొందురు. పట్టణములో ఇరుకు గదిలో ఉన్న సంగతి ఇంటివారికి చెప్పలేక, తాను బాగున్నానని ఆ ఫోను చేత చెప్పించుచున్నాడని మేమనుకొందుము. పేరుపొందిన వస్తువు చేయు పనులలో ఇది యొకటి. దీనిని గేలి చేయరాదు. అయితే వాయిదాల మీద కొన్నప్పుడు ఆ మాటకు పడు వడ్డీ ఎంతో ఆయనకు ఎవరైన లెక్క కట్టి చూపుట మంచిది.

చిన్న పేకట్ల విషయమున ఒక మాట. చిన్నది కొన్నచో ఎల్లప్పుడును నష్టమే అని పలువురు చెప్పుదురు, అది సరి కాదు. షాంపూ వంటి కొన్ని సరకులలో చిన్న పేకట్టే సీసా కంటె చౌకగా పడుట కలదు. 2022 నుండి అమలులోనికి వచ్చిన నిబంధన ప్రకారము పెక్కు పేకట్ల మీద గ్రాము కింత, మిల్లీలీటరు కింత అని ధర ముద్రింపవలెను. పెద్దదానిని, చిన్నదానిని ప్రక్క ప్రక్కన పెట్టి ఆ అంకె చూచిన చాలును.

పొందూరు పంచె

పేరు, మనిషి, సరకు కలిసి నిలిచిన మరొక ఉదాహరణము మన యింటి ముంగిటనే యున్నది. శ్రీకాకుళము జిల్లా పొందూరు ఖద్దరును ఎరుగని తెలుగువాడు ఉండడు. కాని అది ఎట్లు తయారగునో పొరుగు మండలములవారికే సరిగా తెలియదు గనుక కొంచెము వివరింతుము.

సన్న ఖద్దరునకు కొండపత్తిని వాడుదురు. ఆ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుదురు. ఆ దవడకు వెంట్రుకల వంటి సన్నని పండ్లుండును. చెత్తయు, నలుసులును వాటికి చిక్కి, నార మాత్రము తిన్నగా వచ్చును. పిమ్మట గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, అవి నలగకుండ అరటి దొప్పలో పెట్టుకొని, ఇరువది నాలుగు ఆకుల పెద్ద రాట్నము మీద ఒక్క కదురుతో వడకుదురు. ఈ పనులన్నియు స్త్రీలే చేయుదురు. నూలు నూరవ నంబరు వరకును, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు వచ్చును. నూరవ నంబరు అనగా 840 గజముల చిలపలు నూరు కలిసి ఒక్క పౌను తూగును. ఆ పౌను నూలును తిన్నగా చాచినచో సుమారు 77 కిలోమీటర్లు వచ్చును, శ్రీకాకుళము నుండి విజయనగరము చేరియు మిగులును. మనిషి చేతివ్రేళ్ళ నుండి ఇంత సన్నని దారము వచ్చుట ఇంజనీర్లకును ఆశ్చర్యము కలిగించు విషయము.

గాంధీమహాత్ముడు ఈ సన్నదనమును గూర్చి విని, స్వయముగ చూచి రమ్మని తన కుమారుడు దేవదాసు గాంధీని పొందూరునకు పంపినట్లు ప్రసిద్ధి. నాటి నుండి ఈ వస్త్రమునకు ఒక వ్యక్తిత్వము ఏర్పడినది. ఇది దేశభక్తుని దుస్తు. 1949లో పొందూరున ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము ఏర్పడినది. స్వాతంత్ర్యానంతరము శాసనసభ్యులు, మంత్రులు దీనిని ధరింపగా ఇది నాయకుని దుస్తు అయినది. అక్కినేని నాగేశ్వరరావు గారు పొందూరు పంచె మీద మక్కువ చూపిరి. దానితో ఇది పెద్దమనిషి దుస్తు కూడ అయినది. చరిత్రలో ఏ కంపెనీయు డబ్బు పోసి తెచ్చుకొనలేని ప్రకటన ఇది. పొందూరువారు దానికి ఒక్క పైసయు వెచ్చింపలేదు, వెచ్చించినది నైపుణ్యము మాత్రమే. మీలో పలువురు ప్రమాణ స్వీకారము నాడు కట్టిన పంచె ఏదో మేము అడుగబోము!

ఇంత బలమైన పేరునకు దొంగలు పుట్టకుండుట సాధ్యమా? మిల్లు నూలుతో మరమగ్గము మీద నేసిన తెల్లపంచె మీద పొందూరు అను ముద్ర వేసి అమ్ముట పట్టణములలో కలదు. ఒకప్పుడు మేమును ఒక పట్టణములోని దుకాణమున అట్టి పంచెను కొని మోసపోతిమి. రెండు ఉతుకులకు గంజి పోయి అసలు రంగు బయట పడినది. మా డబ్బు పోయినదానికి మాకంత విచారము లేదు. ఆ పంచెకు మేము ఎక్కువ ధర ఇచ్చినది పొందూరు పేరు చూచి. ఆ పేరును నిలబెట్టినది రాట్నము ముందు దినమంతయు కూర్చున్న స్త్రీ. ఆ ఎక్కువ ధరలో ఆమెకు ఒక్క కానియు చేరలేదు. పైగా మేము ఒక పంచె కొని తృప్తిపడితిమి గనుక, ఆమె వడికిన నూలుతో నేసిన పంచె ఒకటి అమ్ముడు కాకుండ నిలిచినది. ఇట్టి నష్టమును ఎవరును లెక్క వ్రాయరు.

నేడు పొందూరులో వడకువారు చాలవరకు వయసు మళ్ళిన స్త్రీలే. శ్రమకు తగిన కూలి లేదని కొత్త తరమువారు రాట్నము ముందునకు వచ్చుట తగ్గినది. పేరు పెరిగి, పేరు తెచ్చిన చేతులు తగ్గుచున్న స్థితి ఇది. వాలుగ దవడతో పత్తి దువ్వు నేర్పు పుస్తకము చదివి వచ్చునది కాదు. ఒక తరము విడిచినచో ఆ నేర్పు పోవును, పేరు మాత్రము మిల్లు పంచెల మీద చిరకాలము తిరుగును.

కావున కొనువారు రెండు మూడు గుర్తులు తెలిసికొనవలెను. 2013లో వెలువడిన నిబంధనల ప్రకారము ఖాదీ అని అమ్ము వస్త్రమునకు ఖాదీ మార్కు చీటీ ఉండవలెను. చీటీ లేనిచో అడుగుడు. వస్త్రమును వెలుతురునకు పట్టి చూచినచో చేతి నూలు అచ్చటచ్చట సన్నము, అచ్చటచ్చట లావుగ కనబడును, మిల్లు నూలు గీత గీసినట్లుండును. రసీదు లేకుండ కొనరాదు. అన్నిటికంటె సులభమైనది పొందూరులోనే సంఘము వారి వద్ద కొనుట. మన జిల్లాలవారికి అది దూరము కాదు గదా.

ఊరి పేరును కాపాడుకొనుటకు వేరొక చట్టమును కలదు. 1999లో చేయబడి 2003 నుండి అమలులోనున్న భౌగోళిక సూచికల చట్టము ప్రకారము ఒక వస్తువు పేరు ఒక ప్రాంతమువారి ఉమ్మడి సొత్తుగా నమోదగును. పనస దుంగతో చెక్కు బొబ్బిలి వీణకును, బూడితి కంచు, ఇత్తడి పాత్రలకును ఈ నమోదు లభించినది. నమోదు కాగితము దానంతట అది కాపలా కాయదు. ఇతరులు ఆ పేరును వాడినప్పుడు ఫిర్యాదు చేయు సంఘము ఉండవలెను.

బియ్యపు సంచి, జీడిపప్పు పేకట్టు

వరి విత్తనములలో పేరునకు, నంబరుకు ఉన్న సంబంధము రైతులకు తెలిసినదే. 1982లో విడుదలైన ఎం.టి.యు. 7029ను స్వర్ణ అనిన పిదపనే అది ఊరూర పాకినది. బి.పి.టి. 5204 సాంబ మసూరియై ఇంటి మనిషివలె అయినది. మన రాగోలు పరిశోధన కేంద్రమువారి ఆర్.జి.ఎల్. 2537ను శ్రీకాకుళము సన్నాలు అందుము. నంబరు శాస్త్రజ్ఞునిది, పేరు ప్రజలది. విత్తనము కొనునప్పుడు మాత్రము నంబరే ప్రమాణము. సంచి మీద పచ్చని చేను, నవ్వు ముఖపు రైతు బొమ్మ ఎంత అందముగ నున్నను, కుట్టులో ఉన్న చీటీని చూడవలెను. ధ్రువీకృత విత్తనమునకు నీలిరంగు చీటీ, మూల విత్తనమునకు తెల్ల చీటీ ఉండును. ఆ చీటీని, రసీదును పంట ఇంటికి వచ్చువరకు దాచవలెను. మొలక రానప్పుడు ఆ రెండే సాక్ష్యము.

తినెడి బియ్యములో ఇట్టి కట్టుబాటు తక్కువ. ఒకే మిల్లు బియ్యము మూడు పేర్ల సంచులలో మూడు ధరలకు అమ్ముడుపోవచ్చును. వండి చూచుటకు మించిన పరీక్ష లేదు. గుప్పెడు తెచ్చి వండి, పిదప బస్తా కొనుట మన పెద్దల పద్ధతి.

పలాస జీడిపప్పు సంగతి తేలిక. డబ్ల్యు 240 అనగా ఒక పౌనుకు సుమారు 220 నుండి 240 గింజలు తూగును, డబ్ల్యు 320 అనగా 300 నుండి 320. అంకె తగ్గిన కొలది గింజ పెద్దది, ధర హెచ్చు. పాయసములో వేయుటకు బద్దలు చాలును. పట్టణములో మెరుపు డబ్బాలో పెట్టి అమ్మిన పప్పు పలాసలో ఒలిచినదే కావచ్చును. డబ్బా ధర మనకు అక్కరలేనిచో వదలివేయవచ్చును.

మీరే ప్రకటన

పంపుసెట్లు, స్ప్రేయర్లు, టెలివిజనులు అమ్మువారు గ్రామములో మొదట ఎవరి గడప త్రొక్కుదురు? సర్పంచిగారి గడప, లేక పెద్ద రైతు గడప. మొదటి యంత్రమునకు ధర తగ్గింతురు, వాయిదాలు ఇత్తురు, ఫోటో తీసికొందురు. అందులో ఔదార్యము లేదు, మీ మాటకు గ్రామములో ఉన్న పరువును వారు కొనుచున్నారు. సినిమా నటుడు డబ్బు తీసికొని చెప్పునదియే మీరు తగ్గింపు తీసికొని చెప్పుచున్నారు. తగ్గింపు తీసికొనవద్దని మేమనుట లేదు. పొరుగువాడు అడిగినప్పుడు యంత్రము గుణముతోపాటు ఆ తగ్గింపు సంగతి కూడ చెప్పినచో అతడు తన లెక్క తాను వేసికొనగలడు.

నటులకును నేడు బాధ్యత కలదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైలో అమలులోనికి వచ్చినది. తప్పుదారి పట్టించు ప్రకటన చేసిన కంపెనీకిని, విచారింపకుండ దానిని పొగడిన ప్రముఖునికిని పది లక్షల రూపాయల వరకు, మరల చేసినచో ఏబది లక్షల వరకు జరిమానా విధింపవచ్చును. ఆ ప్రముఖుని ఏడాది వరకు ప్రకటనలలో పాల్గొనకుండ నిషేధింపవచ్చును. వస్తువును గూర్చి తగినట్లు విచారించిన పిదపనే చెప్పినట్లు చూపగలిగినచో వారికి శిక్ష లేదు.

పంచాయతీ కొనుగోళ్ళలో పేరు కంటె గుర్తు ముఖ్యము. మంచినీటి పి.వి.సి. పైపు మీద ఐ.ఎస్.ఐ. గుర్తు, దాని పైన ఐ.ఎస్. 4985 అను అంకె, క్రింద సి.ఎం./ఎల్. అని ప్రారంభమగు లైసెన్సు నంబరు ఉండవలెను. వట్టి ఐ.ఎస్.ఐ. అక్షరములు ఎవడైనను అచ్చు వేయించుకొనగలడు. లైసెన్సు నంబరును బి.ఐ.ఎస్. కేర్ అను మొబైలు యాప్‌లో కొట్టినచో అది ఎవరిది, ఇంకను చెల్లునా అన్నది తెలియును. పైపులు దింపుకొనక మునుపే ఈ పని చేయవలెను. కందకము పూడ్చిన పిదప చూచుటకు ఏమియు మిగులదు. నేతిలోను, తేనెలోను, మసాలాలలోను అగ్‌మార్కును, అన్ని ఆహారపు పేకట్ల మీద పదునాలుగు అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నంబరును చూడవచ్చును.

మోసపోయినవారు 1915 నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయింపవచ్చును. అది తీరనిచో జిల్లా వినియోగదారుల కమిషను కలదు. అయిదు లక్షల రూపాయల లోపు కొనుగోలునకు అచట రుసుము లేదు, న్యాయవాదిని పెట్టుకొని తీరవలెనను నియమమును లేదు. రసీదు మాత్రము ఉండవలెను. ఒక అక్షరము మార్చి పేరుపొందిన కంపెనీ వలె పేకట్టు అచ్చువేసి అమ్మువానిపై 1999 వ్యాపార చిహ్నముల చట్టము ప్రకారము ఆరు నెలల నుండి మూడేండ్ల వరకు కారాగార శిక్ష కలదు.

విజయనగరము జిల్లాలోని ఒక గ్రామసభలో మేము చేసిన చిన్న ప్రయత్నమును మీ ముందుంచుచున్నాము. సభకు వచ్చు స్త్రీలను తమ యింటిలోని ఖాళీ పేకట్లు రెండేసి తెమ్మని ముందు దినమున దండోరా వేయించితిమి. పాఠశాలలో ఏడవ తరగతి చదువు బాలికలు వాటిని ఒక్కొక్కటిగా పైకి చదివిరి. పేరు, బరువు, ధర, తయారైన నెల, తయారుచేసినవారి చిరునామా. పసుపు పేకట్టు ఒకటి ప్రసిద్ధ కంపెనీదని అందరును నమ్మి కొనుచున్నారు. బాలిక పేరును అక్షరము అక్షరముగ చదువగా నడుమ ఒక అక్షరము వేరుగా నున్నది. చిరునామా ఉండవలసిన చోట ఊరి పేరే లేదు. "రంగు అదేనమ్మా, మరి" అని ఒక వృద్ధురాలు ఆ పేకట్టును తన చేతిలోనికి తీసికొని చాలసేపు చూచినది. కొట్టు యజమాని సభలోనే యుండెను. టోకు వర్తకుడు తక్కువకు ఇచ్చెనని తెచ్చితినేగాని తానును చదువలేదని ఒప్పుకొని, మిగిలిన పేకట్లను మరునాడే తిప్పి పంపెను. ఆ బాలికలు ఇప్పుడు నెలకొకసారి ఆ కొట్టునకు పోయి, కొత్తగా వచ్చిన పేకట్లను చదివి వచ్చుచున్నారు.